ముడతల క్రీముకు ప్రమాణమేది?

ముఖం మీది ముడతలను తగ్గిస్తాయంటూ అమ్మే క్రీములలో చాలావాటికి పెప్టైడ్లే ఆధారం. కొన్ని అమైనో ఆమ్లాలు వరసగా కూడితే పెప్టైడ్ అవుతుంది. ప్రోటీన్లు కూడా ఇలాంటి గొలుసులే, కాకపోతే చాలా పొడవైనవి. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అలాంటి ప్రోటీనే. వయసు వల్లా, ఎండ వల్లా అది తరిగేకొద్దీ ముడతలు పడతాయి. పైన పూసిన పెప్టైడ్ లోపలి కొల్లాజెన్‌ను పెంచుతుందని తయారీదారులు అంటారు. ఈ మాటను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చాల్సింది వైద్యశాస్త్రమే అయినా, దాని అడుగున తర్కశాస్త్రంలోని పాత ప్రశ్న ఉంది: ఒక విషయం తెలుసు అనడానికి ఏది ప్రమాణం?

భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను ఒప్పుకుంటుంది. ముడతల విషయంలో ప్రధానంగా పరీక్షించవలసినవి ప్రత్యక్షం, అనుమానం, శబ్దం.

మొదటిది ప్రత్యక్షం. నెలరోజులు క్రీము రాసుకున్న మనిషి అద్దంలో చూసుకుంటే కంటి కొసల గీతలు తగ్గినట్టు కనిపిస్తాయి. ఇది భ్రమ కానక్కరలేదు. చర్మం పైపొర నీటిని పీల్చుకుని ఉబ్బినప్పుడు సన్నగీతలు నిజంగానే పూడుతాయి. అయితే కంటికి తెలిసేది గీత తగ్గిందన్నంత వరకే. తగ్గించినది పెప్టైడేనన్న సంగతి కంటికి కనిపించదు, దాన్ని ఊహించుకోవలసిందే. కారణాన్ని నిర్ణయించడం అనుమాన ప్రమాణం పని.

అనుమానం నిలవాలంటే ఆధారంగా చూపే హేతువుకూ, దానితో రుజువు చేయదలచిన సాధ్యానికీ విడదీయరాని సంబంధం ఉండాలి. దీన్నే వ్యాప్తి అంటారు. పొగ ఉంటే నిప్పు ఉందనవచ్చు గానీ, నిప్పు ఉంది గనుక పొగ ఉందనకూడదు. ఎర్రగా కాలిన ఇనుపముద్దలో నిప్పు ఉన్నా పొగ ఉండదు. పొగ రావాలంటే నిప్పుకు తడికట్టె తోడవాలి. ఇలా కనబడకుండా కలిసివచ్చే నిబంధనకు ఉపాధి అని పేరు. 17వ శతాబ్దానికి చెందిన తెలుగువాడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఉపాధిని వివరించింది ఈ తడికట్టె ఉదాహరణతోనే. పెప్టైడ్ క్రీములో ఉపాధి మాయిశ్చరైజర్. గ్లిజరిన్, నూనెలు, నీరు కలిసిన ఆ ఆధారద్రవ్యమే కొంత ముడతను తగ్గిస్తుంది కాబట్టి, దాన్ని వేరుచేయకుండా ఫలితమంతా పెప్టైడ్ ఖాతాలో వేస్తే అది హేత్వాభాసమే, అంటే హేతువులా కనిపించే దోషమే.

తయారీదారుల అనుమానంలో నిజానికి మూడు మెట్లున్నాయి. పెప్టైడ్ కణాల మీద పనిచేయాలి, చర్మం దాటి ఆ కణాలను చేరాలి, చేరాక కంటికి కనిపించేంత మార్పు తేవాలి. మొదటి మెట్టుకు ఆధారం గట్టిదే. కొల్లాజెన్ పూర్వరూపంలోని ఒక అయిదు అమైనో ఆమ్లాల తునక, ప్రయోగశాలలో పెంచిన కణాల చేత కొల్లాజెన్‌ను ఎక్కువగా తయారు చేయించిందని 1993లో తేలింది. మార్కెట్‌లో మ్యాట్రిక్సిల్ పేరుతో తెలిసిన పెప్టైడ్‌కు మూలం ఇదే.

రెండో మెట్టు దగ్గర చిక్కు వస్తుంది. అణుభారం 500 డాల్టన్లు మించిన అణువులు మామూలు చర్మాన్ని దాటడం కష్టమని 2000లో బోస్, మైనార్డి అనే పరిశోధకులు ప్రతిపాదించారు. ఆ తునక ఒక్కటే 560 డాల్టన్ల పైచిలుకు. కొవ్వుపొరల్లో ఇమడడానికి దానికి పామిటిక్ ఆమ్లం జోడిస్తే 800 దాటుతుంది. ఆర్జిరెలీన్ అనే మరో పెప్టైడ్‌ది ఇంకా దూరప్రయాణం. నరాల కొసల నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని తగ్గించడం దాని ఉద్దేశం. ఆ పని చేసే బొటాక్స్‌ను సూదితో లోపలికి ఎక్కిస్తారు. ఆర్జిరెలీన్‌ను మాత్రం చర్మం పైన పూస్తారు. మృతదేహాల నుంచి తీసిన చర్మం మీద పరీక్షించినప్పుడు అందులో అధికభాగం కడిగితే పోయింది, లోపలికి వెళ్లిన కాస్తా ఎక్కువగా పైపొరలోనే ఆగింది.

మూడో మెట్టుకు కావలసింది అన్వయ వ్యతిరేకాల పరీక్ష. పెప్టైడ్ ఉన్నచోట ఫలితం ఉండాలి, అది లేనిచోట ఆ ఫలితం ఉండకూడదు, తక్కిన పరిస్థితులన్నీ సమానంగా ఉండాలి. 2005లో ప్రచురితమైన ఒక పరీక్ష ఈ పద్ధతికి మంచి నమూనా. 35 నుంచి 55 ఏళ్ల మధ్య వయసున్న 93 మంది స్త్రీలు 12 వారాలపాటు ముఖానికి ఒక పక్క మాయిశ్చరైజర్, రెండో పక్క పది లక్షల వంతులకు 3 వంతుల మ్యాట్రిక్సిల్ పెప్టైడ్ కలిపిన అదే మాయిశ్చరైజర్ రాసుకున్నారు. ఏ పక్క ఏది ఉందో రాసుకున్నవారికీ తెలియదు, కొలిచినవారికీ తెలియదు. ఇక్కడ ఉపాధి రెండు పక్కలా సమానం కాబట్టి, మిగిలిన తేడాను పెప్టైడ్‌కు ఆపాదించవచ్చు. ఆ తేడా ఉందని లెక్కల్లో తేలింది, కానీ స్వల్పం. ఆర్జిరెలీన్ ముడత లోతును 30 శాతం తగ్గించిందని 2002లో వెలువడిన, తరచు ఉదహరించే పరీక్షలో పాల్గొన్నది 10 మంది మాత్రమే.

ఇక శబ్దప్రమాణం, అంటే ఆప్తుడి మాట. న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడి ప్రకారం ఆప్తుడంటే విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టు చెప్పాలనుకునేవాడు. ప్రకటనలో మాట్లాడే నటికి మొదటి లక్షణం ఉండకపోవచ్చు, అమ్మేవాడి విషయంలో రెండోదాని మీద సందేహం తప్పదు. 2005 నాటి పరీక్షను జరిపినదీ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ పరిశోధకులే. అంతమాత్రాన ఫలితం అబద్ధం కాదు. కానీ ఏ లాభాపేక్షా లేనివారు మళ్లీ చేసి అదే ఫలితం చూపించినప్పుడే ఆ మాట ఆప్తవాక్యానికి దగ్గరవుతుంది.

ఇందులో చట్టం తెచ్చిన చిక్కు కూడా ఉంది. అమెరికా 1938 నాటి చట్టం ప్రకారం శరీర నిర్మాణాన్ని లేదా పనితీరును మార్చడానికి ఉద్దేశించినది ఔషధం, రూపాన్ని మెరుగుపరచడానికి ఉద్దేశించినది సౌందర్య సాధనం. కొల్లాజెన్‌ను పెంచుతుందని గట్టిగా చెబితే ఔషధానికి కావలసిన రుజువులు చూపాలి, రూపం గురించి మాత్రమే చెబితే ఆ బాధ్యత తప్పుతుంది. కాబట్టి తయారీదారుకు రుజువు బలపరచుకోవడం కన్నా మాట మెత్తబరచుకోవడమే తేలిక.

ఇదే కొలతతో చూస్తే గట్టి ఆధారమున్న మార్గాలు వేరే ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని నాంబోర్‌లో 903 మందిని నాలుగున్నరేళ్లు గమనించిన పరీక్షలో, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారి చర్మం తక్కినవారికన్నా 24 శాతం తక్కువగా ముదిరింది. ఎండ వల్ల వచ్చిన సన్నముడతలకు ట్రెటినాయిన్ వైద్యుల చీటీతో ఇచ్చే ఔషధంగా నిలిచింది. పెప్టైడ్ క్రీముల విషయంలో ఇప్పటికి చెప్పగలిగేది ఇంతే: తేమ వల్ల కలిగే మేలు నిశ్చయం, పెప్టైడ్ వల్ల కలిగే మేలు ఉంటే స్వల్పం, దానికి చెల్లించే అదనపు ధరకు తగిన ప్రమాణం లేదు.