పిచ్చుకది దొంగతనమా?

మా వసారా దూలానికి ఏటా కొత్త వరికంకుల కుచ్చు కడతాను. పిచ్చుకలు దానికి తలకిందులుగా వేలాడి, గింజను ముక్కుతో నలిపి, ఊక కిందికి వదిలి, బియ్యం మింగుతాయి. కడుపు నిండాక అల్లరి మొదలు. స్కూటర్ అద్దంలో కనబడే తమ నీడతోనే పోట్లాడతాయి. కాకి మేడ మీద ఆరబెట్టిన వడియాన్ని ఎత్తుకుపోయి, నచ్చకపోతే పక్కింటి పెంకుల మీద పడేస్తుంది.

మనం పెట్టింది తింటే మనకు పుణ్యం, పెట్టనిది తింటే వాటిది దొంగతనం. ఈ లెక్క నాకు మింగుడుపడదు. ధర్మశాస్త్రాలు గృహస్థుకు ఐదు యజ్ఞాలు విధించాయి. వాటిలో భూతయజ్ఞం ఒకటి: వండిన అన్నంలో పక్షులకూ ఇతర ప్రాణులకూ కొంత తీసిపెట్టాలి. రోజూ తప్పక చేయాల్సిందంటే అది దయ కాదు, బాకీ. తద్దినం నాడు పిండం ముట్టమని కాకిని బతిమాలుకుంటాం. మర్నాడు అదే కాకిని కర్ర పట్టుకుని తరుముతాం.

ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తుంటుంది. తినేది జీవుడు, చూసేది ఈశ్వరుడు అంటారు వ్యాఖ్యాతలు. నన్ను కట్టిపడేసే సంగతి ఒకటుంది: చూసే పక్షి తినేదాన్ని తరిమేయదు, చెలిమిగా పక్కనే ఉంటుంది. ఇంటి యజమానికి అంతకు మించిన ఆదర్శం ఏముంటుంది? వడియాల మీద పాత చీర కప్పుకోవచ్చు, తప్పులేదు. మీటరు పెట్టె మీద పిచ్చుక కట్టిన గూటిని మాత్రం పీకేయకూడదు.