పసివారి పండుగ – పెద్దల మాట

పండుగ పసివారిదని పెద్దలు చెప్పుదురు. కాని పసివాని కన్నులలో పండుగ వెలుగును నిలుపు భారము పెద్దలదే. ఆ వెలుగు కొరకు కొంత అసత్యమాడవచ్చునా? క్రిస్మస్ దినములలో ఈ ప్రశ్న లోకమున అనేక గృహములందు పుట్టుచుండును. రాత్రివేళ క్రిస్మస్ తాత వచ్చి కానుకలుంచి పోవునని బిడ్డలను నమ్మించుట ప్రేమయా, వంచనయా?

1897లో వర్జీనియా అను ఎనిమిదేండ్ల బాలిక ఈ సందేహమునే న్యూయార్కులోని 'సన్' పత్రికకు వ్రాసెను. ప్రేమయు, ఔదార్యమును ఉన్నట్లే ఆ తాతయు ఉన్నాడని పత్రిక సంపాదకీయమున బదులు చెప్పెను. సమాధానము మనోహరమే. అయినను బాలిక సత్యము నడుగగా ఆమెకు లభించినది అలంకారము.

అంతకు చాల పూర్వము, 1223లో, ఇటలీయందలి గ్రెచ్చో గ్రామమున అస్సీసి ఫ్రాన్సిస్ మహాశయుడు మరియొక త్రోవ చూపెను. గడ్డితొట్టిని, ఎద్దును, గాడిదను తెప్పించి క్రీస్తు జననదృశ్యమును ప్రజల యెదుట నిలిపెను. అచట ఎవ్వరును మోసపోలేదు. గడ్డి గడ్డియే యని, ఎద్దు ఎద్దే యని యెరిగియే వారు ఆ దృశ్యమును చూచిరి. అద్భుతమునకు వంచన అవసరము లేదనుటకు ఇదియొక నిదర్శనము.

దుప్పట్లకు, తువ్వాళ్లకు పేరుగన్న మన సోలాపూరు నేతవాడలకు ఈ చర్చ దూరమైనది కాదు. తెలంగాణ ప్రాంతమునుండి వలసవచ్చి ఇచట స్థిరపడిన పద్మశాలీయుల యిండ్లలో బిడ్డలకు చెప్పు కథ యొకటి కలదు. మార్కండేయ మహర్షి కుమారుడైన భావనాఋషి తామరతూటి నారతో దేవతలకు వస్త్రము నేసెనని ఆ కథ. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయుని రథము వీథులలో సాగుచుండగా, తండ్రి భుజముపై కూర్చున్న బాలుడు తామరతో బట్ట నేయవచ్చునా యని అడుగును.

కసరి నోరు మూయించుట తప్పు. కన్నులార చూచినట్లు ప్రమాణము చేయుటయు తప్పే. నేర్పుగల తండ్రి, మన పెద్దలట్లు చెప్పిరని పలికి, మరునాడు ఒక తామరతూడును విరిచి చూపును. విరిగిన తునుకల నడుమ సాలెపట్టువంటి సన్నని పోగులు సాగును. నేడు మయన్మారు అనబడు బర్మాలో, ఇన్లే సరస్సు తీరమున, అట్టి పోగులతో ఇప్పటికిని వస్త్రములు నేయుచున్నారు. ఇది తెలిసిన బాలుని యచ్చెరువు ఇనుమడించును.

కథకును అసత్యమునకును భేదమిదియే: కథ బుద్ధితోపాటు పెరుగును; అసత్యము బుద్ధి పెరిగిననాడు విరుగును. విరిగినపుడు తల్లిదండ్రుల మాటపై గల నమ్మకమునకు బీట వారును. క్రిస్మస్ తాతకును ఈ న్యాయమే వర్తించును. నాలుగవ శతాబ్దమున మైరా నగరమందు బిషపుగానుండిన నికొలసు రహస్యముగా దానములు చేసెనను ఐతిహ్యమునుండి ఆ తాత రూపొందెను. ఆ సంగతి చెప్పి, పొరుగింటి పసివాని గుమ్మమున రహస్యముగా మిఠాయి పొట్లము నుంచుమని బిడ్డనే పంపినచో, మాయ తొలగినను సంబరము తొలగదు.

ఇట్టి సంబరమునకు ధనముకన్న కాలము ఎక్కువ కావలయును. కష్టమంతయు అచటనే కలదు. మరమగ్గముల మ్రోతతో తెల్లవారు వాడలలో, వేయి బీడీలకింతయని కూలి లెక్కించుకొను తల్లుల యిండ్లలో, ఒక పూట పని మానుట యనగా ఒక పూట కూలి పోగొట్టుకొనుట. కావున అంగడి బొమ్మ నొకదానిని బిడ్డచేతబెట్టి తల్లిదండ్రులు మరల పనిలో కూర్చుందురు. వారిని తప్పుపట్టువాడు ఆ కూలిలెక్క యెరుగనివాడు.

అయినను బిడ్డకు పండుగ తొలిగురుతు వేరు. నిత్యము మ్రోగు మగ్గము నిలుచును. తునికాకు చుట్టు తల్లి చేతులకు తీరిక కలుగును. ఆ చేతులు బతుకమ్మను పేర్చునపుడు తంగేడుపూల నందించు పని బిడ్డకీయవలెను. క్రైస్తవ గృహమైనచో కాగితపు నక్షత్రమునకు జిగురు పూయు పని యీయవలెను. పూలు వంకరగా పేరినను, నక్షత్రపు కొన యొకటి వంగినను సరిదిద్దరాదు.

మన సంఘములు పండుగలకు పందిళ్లు వేయునపుడు ఆ పనిలో పసివారికి పాలుండునట్లు చూచుట మేలు. బిడ్డలు పెరిగి వేరు ఊళ్లకు పోవుదురు. ఏ యేట ఏ కానుక వచ్చెనో మరతురు. తమ కొరకు ఒక పూట మగ్గము నిలిచెనను మాటను మాత్రము మరువరు.