మొదట ఇచ్చినవాడే గ్రామపెద్ద

వామనమూర్తి మూడడుగుల నేల యాచింపగా, గురువు వారించినను బలిచక్రవర్తి మాట తప్పలేదు. ఇచ్చినవాని వాకిట స్వామియే కావలి నిలిచెను.

ఆ దానధర్మము 1951 ఏప్రిల్ 18వ తేదీన మన తెలంగాణమున మరల కానవచ్చినది. పోచంపల్లిలో దళితులు సాగునకై 80 ఎకరములు కోరిరి. వినోబాభావే ప్రభుత్వమునకు విన్నవించుటతో తృప్తినొందక, ఎదుటనున్న గ్రామస్థులనే అడిగెను. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములు ఇచ్చెదననెను. భూదానోద్యమము అచటనే పుట్టినది.

నాయకత్వమనగా ఆజ్ఞాపించుట కాదు. తన సొత్తునుండి తానే మొదట తీసి ఇచ్చుట. నగరము చేరువై నేల విలువ పెరిగిన మేడ్చల్ ప్రాంతమున, అత్వెల్లి వంటి గ్రామములలో ఈ పరీక్ష నేడు మరింత కఠినము. బడికో బాటకో జానెడు నేల కావలసినపుడు, ‘ఎవరిత్తురు?’ అని చూడక ‘నేనిత్తును’ అనువాడే పెద్ద. అతని వాకిట స్వామి నిలుచును.