తొలకరి చేలల్లో అదృష్టం ఎవరిది?

తొలకరి పడిందంటే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లోకి జనం దిగుతారు. చెట్ల కిందా, గుడి అరుగుల మీదా మకాం. తల వంచుకుని సాళ్ల వెంబడి నడుస్తూ, వాన కడిగిన గులకరాళ్లలో మెరిసేదాన్ని ఎండకు ఎత్తి చూస్తారు. వజ్రం దొరికితే 'రాసిపెట్టి ఉంది' అంటారు.

రాసిపెట్టి ఉంటే ఇంత నడక ఎందుకు?

ఉల్కల వేటగాళ్లకూ ఇదే ప్రశ్న. 1814లో నాటి కడప సీమలోని గుర్రంకొండ దగ్గర ఒక ఉల్క పడింది. గాలిలో పగిలిన ఉల్క ముక్కలు ఎక్కడపడితే అక్కడ రాలవు. నేల మీద కోడిగుడ్డు ఆకారపు మేర పరుచుకుంటాయి. తేలికవి ముందే రాలిపోతాయి, బరువైనవి వచ్చిన దిశలోనే ఇంకా దూరం పోతాయి. అందుకే దొరికిన ప్రతి ముక్క చోటూ, బరువూ రాసుకుని, తర్వాత ఎటు వెతకాలో తేల్చుకుంటారు. కాలి నల్లబడ్డ పలుచని పెంకు, అయస్కాంతానికి అంటుకోవడం వాళ్ల ఆనవాళ్లు. పడటం ఎవరి చేతిలోనూ లేదు. కనిపించడం మాత్రం చాలావరకు చూసేవాడి చేతిలోదే.

జొన్నగిరికి దగ్గర్లోనే ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1929లో వాటిని వెలుగులోకి తెచ్చింది ఒక భూగర్భ శాస్త్రవేత్తే. అక్కడి చిన్న శాసనం సారం ఇది: ధర్మఫలం గొప్పవాళ్ల సొత్తు కాదు, పూనుకుంటే సామాన్యుడికీ స్వర్గం అందుతుంది. దైవమా, పురుష ప్రయత్నమా అన్న పాత వాదులో ఇంత సూటి మాట అరుదు.

అయితే చేను రైతుది. దుక్కి దున్ని, విత్తనం వేసే అదునులోనే వజ్రాల వేట సాగుతుంది. సాళ్లు తొక్కుడుపడితే నష్టం అతనిదే. అందుకే కొన్ని చేల గట్ల మీద రైతులే నిలబడి వచ్చినవాళ్లను వెనక్కి పంపుతున్నారు.