శివారుకు తగ్గని నీళ్ళు

మా నాన్నగారు నరసాపురం కాలువ మీద లస్కరుగా పనిచేశారు. వరి పొట్ట మీదున్న రోజుల్లో రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని తూముల వెంట తిరిగేవారు. చీకట్లో ఎవరైనా తలుపు రెండంగుళాలు పైకెత్తుకుంటే, ఆ నీళ్ళు ఎవరి చేలో తగ్గాయో తెల్లారేసరికి తెలిసిపోయేది. శివారు రైతు సైకిలు తొక్కుకుంటూ వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. మంచినీళ్ళిచ్చినా తాగేవాడు కాదు. దొంగతనమంటే ఒకడికి ఎక్కువ కావడం, దానివల్ల ఇంకొకడికి తక్కువ కావడం అని ఆ మనిషి ముఖం చూసే నేర్చుకున్నాను.

ఆ లెక్క నాకు నలభై ఏళ్ళు దాటాక తప్పింది.

రాజమండ్రి దానవాయిపేటలో నాకు చిన్న వర్క్‌షాపు ఉంది. రొయ్యల చెరువులకు కంట్రోలర్లు చేస్తాం. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ని మా రైతులు డీవో అంటారు. రాత్రంతా చెరువులో ఉన్న ప్రతి ప్రాణీ దాన్ని పీల్చుకుంటుంది గాని, ఎండ లేక నాచు కొత్తగా ఇవ్వదు. అందుకే తెల్లవారుజామున డీవో బాగా పడిపోతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి దిగిందంటే రొయ్యలు పైకి తేలడం మొదలుపెడతాయి. ఆలోపే ఏరేటర్లు తిరగాలి. రైతు నిద్ర లేవకపోయినా మా పెట్టె సెన్సారు చూసి వాటిని తిప్పుతుంది. 2014 ప్రాంతంలో ఆ పెట్టెల్లో విండోస్ ఎంబెడెడ్ స్టాండర్డ్ 7 వేసేవాళ్ళం.

అది ఎలా వేస్తారో కొంచెం వివరంగా చెప్పాలి. ముందు ఒక పెట్టెను పూర్తిగా సిద్ధం చేస్తాం. మనకు కావలసిన భాగాలే ఉంచి, మన ప్రోగ్రాం ఎక్కించి, సిస్‌ప్రెప్ అనే దానితో ఆ పెట్టె సొంత గుర్తులన్నీ తుడిచేస్తాం. అప్పుడు డిస్కు మొత్తాన్నీ ఒకే ఫైలుగా తీసుకుంటాం. దాన్నే ఇమేజ్ అంటారు. ఇక దాన్నుంచి ఎన్ని పెట్టెలకైనా నకళ్ళు ఎక్కించుకోవచ్చు. తయారీదారుకు ఇచ్చే కీ కూడా ఇమేజ్‌లోనే ఉంటుంది, అన్ని పెట్టెలకూ అదే. మరి లైసెన్సు ఎక్కడుంది? పెట్టె వెనక అంటించే మెరిసే స్టిక్కరులో ఉంది. పెట్టెకొకటి చొప్పున కొనాలి. అంటించకపోయినా పెట్టె నడుస్తుంది, ఎవరికీ చెప్పదు. ఈ తూముకు తలుపు లేదు, లస్కరు లేడు. ఉన్నదల్లా ఒప్పందం మీద సంతకం పెట్టిన మనిషి మాట.

ఒక వేసవిలో 60 పెట్టెలకు ఆర్డరు వచ్చింది. నా దగ్గర 20 స్టిక్కర్లే ఉన్నాయి. మిగతావి రావడానికి ఇంకో రెండు వారాలన్నారు. రైతులు అప్పటికే చెరువుల్లో సీడు వదిలేశారు. "కీ అన్నిటికీ ఒకటే కదండీ మేస్టారూ, స్టిక్కరు లేకపోయినా బూటవుద్దండి" అన్నాడు మా కుర్రాడు. వాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. 40 పెట్టెలు స్టిక్కరు లేకుండా వెళ్ళాయి. రెండు వారాల తర్వాత స్టిక్కర్లు వచ్చాయి. చెరువుల మీద పెట్టెలు ఎలాగూ పనిచేస్తున్నాయి కదా అని వాటిని తర్వాతి ఆర్డరుకు వాడేశాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అప్పుడు నన్ను నేను సమాధానపరచుకున్న మాట అల్లాటప్పాది కాదు. విద్య దొంగలు ఎత్తుకుపోలేని ధనమనీ, ఇచ్చినకొద్దీ పెరుగుతుందనీ భర్తృహరి అన్నాడు. ఏనుగు లక్ష్మణకవి తెలుగులో దాన్నే మా బళ్ళో కంఠతా పట్టించారు. ఇమేజ్ విద్య కాకపోతే మరేమిటి? నేను 40 నకళ్ళు తీసినంత మాత్రాన అమెరికాలో దాన్ని రాసినవాళ్ళ దగ్గర ఒక్క చుక్క తగ్గలేదు. ఏ శివారు రైతూ సైకిలెక్కి రాలేదు. తాటాకుల కాలంలో నకలు రాయడం పుణ్యకార్యం. గ్రంథం రాయించి దానమివ్వడాన్ని విద్యాదానమని మెచ్చుకున్నారు. ఈ వాదనలో బలం ఉంది. ఇప్పటికీ ఉందనే అంటాను.

ఒకరోజు ఆకివీడు దగ్గర్నుంచి ఒక రైతు ఫోను చేశారు. ఆయన ముందొక పెట్టె, ఈ ఆర్డరులో ఒక పెట్టె తీసుకున్నారు. "ఏవండీ, ఆ పాత పెట్టె ఎనకాల మెరిసే స్టిక్కరుందండి. దీనికి లేదండి. తేడా ఏమన్నా ఉందాండి?" అని అడిగారు. రెండూ ఒకటేనండి అన్నాను. "ఆయ్, మీరన్నారంటే ఇంకేంటండి" అని పెట్టేశారు.

మా అరుగు మీద కూర్చోవలసిన మనిషి వచ్చి వెళ్ళాడని నాకు అప్పుడు తెలిసింది. ఆయనకు నీళ్ళు తగ్గలేదు, డీవో తగ్గలేదు. నా మాట మీద ఆయన పెట్టుకున్న నమ్మకం మాత్రం ఖాళీ పెట్టె. అది ఖాళీ అని నాకు తెలుసు, ఆయనకు తెలియదు. మన కాపీరైటు చట్టంలో 63బి అనే సెక్షను ఉంది. అక్రమ నకలని తెలిసీ సాఫ్ట్‌వేరు వాడినవారికి ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. "తెలిసీ" అన్న మాట ఆ రైతును కాపాడుతుంది. నన్ను కాపాడదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టనిది జైలు భయం వల్ల కాదు, "మీరన్నారంటే" అన్న మాట వల్ల.

పతంజలి చెప్పిన యమాల్లో మూడోది అస్తేయం. దాని మీద వ్యాసభాష్యం వయసులో ఉండగా చదివాను గాని, అందులో ఉన్నది ఇన్నేళ్ళకు కంటబడింది. దొంగతనమంటే ఏమిటో చెప్పేటప్పుడు భాష్యకారుడు పోగొట్టుకున్నవాడి ఊసే ఎత్తడు. శాస్త్రం ఒప్పని తీరులో ఇతరుల నుంచి తీసుకోవడం దొంగతనం అంటాడు. ఆ కోరిక కూడా లేకపోవడమే అస్తేయమంటాడు. అవతల ఎంత తగ్గిందన్న కొలత అందులో ఎక్కడా లేదు. కొలిచేదంతా తీసుకున్నవాడినే. నకలుకూ నీళ్ళకూ ఒకటే ధర్మం ఎలా వర్తిస్తుందన్న నా చిక్కు అక్కడ విడిపోయింది. భర్తృహరి అన్నదీ నిజమే, విద్యను ఎవరూ ఎత్తుకుపోలేరు. ఎత్తుకుపోవాలని చూసినవాడి మాట మాత్రం పోతుంది.

నాన్నగారు దొంగతూము ఎత్తినవాణ్ణి పట్టుకున్నప్పుడు ఎన్ని నీళ్ళు పోయాయని అడిగేవారు కాదు. "ఇదే తలుపు పగలు ఎత్తగలవా?" అని అడిగేవారు. అరుగు మీది ముఖం నాకు గుర్తుండిపోయింది గాని, ఈ ప్రశ్న పక్కనే ఉన్నా చెవికెక్కలేదు.

40 స్టిక్కర్లు మళ్ళీ కొన్నాను. ఆకివీడు, ఉండి, కాళ్ళ వైపు చెరువు గట్ల మీద మోటారు సైకిలుతో నాలుగు రోజులు తిరిగాను. పెట్టె వెనక రేకు మీద ఉప్పుగాలికి తెల్లటి పొర పట్టి ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరేదాకా ఆగి, స్టిక్కరు పెట్టి బొటనవేలితో అంచులన్నీ అదిమేవాణ్ణి. చెమట చుక్క పడితే అంటుకోదని ఆకివీడు రైతు నా పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ఫోన్లో ఆ రోజు మీకు అబద్ధం చెప్పానండి అన్నాను. ఆయన కాసేపు ఏరేటర్ల వైపు చూసి, "ఎండలో వచ్చారు, మజ్జిగ తాగండి" అన్నారు. క్షమించారో లేదో నేను అడగలేదు.

తర్వాత లినక్స్‌కు మారాం. ఆ విండోస్‌కు 2020 అక్టోబరులో అప్‌డేట్లు ఆగిపోతాయని ముందే చెప్పారు. లినక్స్‌కు డబ్బు కట్టక్కర్లేదు, స్టిక్కరు లేదు. ఇక ఎవరికీ బాకీ లేమని మా లైనులో చాలామంది అనుకుంటారు. అది తప్పు. లినక్స్ కెర్నెల్ మీద ఉన్న జీపీఎల్ అనే లైసెన్సు రెండో వెర్షను 1991 నాటిది. దాని ప్రకారం పెట్టెతో పాటు సోర్సు కోడు ఇవ్వాలి, లేదా అడిగిన ఎవరికైనా ఇస్తామని కనీసం మూడేళ్ళు చెల్లే హామీ రాసివ్వాలి. నువ్వు చేసిన మార్పులు కూడా అందులో ఉండాలి. 2003లో లింక్‌సిస్ రూటర్లలో లినక్స్ ఉందని కొందరు గమనించి అడిగితే ఆ సోర్సు బయటికి వచ్చింది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనేది దాన్నుంచే పుట్టింది. ఇవాళ ఎన్నో చిన్న పెట్టెల్లో అది నడుస్తోంది.

భగవద్గీత మూడో అధ్యాయం, దేవతలు ఇచ్చినదాన్ని తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాణ్ణి దొంగ అనే అంటుంది. దేవతలకు తగ్గేదేముంది? ఏమీ లేదు. పారుతున్నది నీ దగ్గర ఆగిపోవడమే అక్కడ తప్పు.

ఈ ధర్మం మా ఊరికి కొత్తదేం కాదు. నన్నయ ఇక్కడ మొదలుపెట్టిన భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. రెండు వందల యాభై ఏళ్ళు దాటాక ఎర్రన ఆ పర్వంలో మిగిలింది పూర్తిచేశాడు. కష్టం తనది, పద్యాలు తనవి. అయినా ఆ భాగాన్ని తన కాలపు రాజుకు ఇవ్వలేదు. నన్నయ ఎవరికి అంకితం తలపెట్టాడో ఆ రాజరాజనరేంద్రుడికే ఇచ్చాడు. మొదటివాడు పెట్టిన షరతును వెనకవచ్చినవాడు మోశాడు. జీపీఎల్ మన చేత సంతకం పెట్టించుకుని అడిగేది ఇంతే. ఎర్రనను ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మా ప్రతి పెట్టెలోనూ వారంటీ కార్డు పక్కన ఒక కాగితం ఉంటుంది. ఇందులో లినక్స్ ఉంది, దాని సోర్సు, మేం చేసిన మార్పులు అడిగినవారికి మూడేళ్ళ దాకా ఇస్తాం అని తెలుగులో, ఇంగ్లీషులో అచ్చువేయించాం. ఇంతవరకు అడిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు పాలిటెక్నిక్ కుర్రాడు, రెండోవారు మా లాంటి పెట్టెలే చేసే పోటీదారు. ఇద్దరికీ ఒకే పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేసి ఇచ్చాను.