రుక్మిణి కబురు మోసినవాడు



మా అక్కకి సంబంధాలు చూస్తున్నప్పుడు అమ్మ రోజూ రుక్మిణీ కళ్యాణం చదివించేది. మీ ఇళ్లలోనూ చదివించే ఉంటారు. కానీ ఒక్కసారి ఆలోచించండి, ఆడపిల్ల పెళ్లి కోసం మనం చదివించే ఆ కథ ఏంటి? అన్న కుదిర్చిన సంబంధం వద్దని, తను మనసిచ్చిన వాడికి తానే కబురు పంపిన అమ్మాయి కథ!

2018 సెప్టెంబరు. నేను బీటెక్ ఫైనల్ ఇయర్. మిర్యాలగూడలో వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకున్నందుకు, గర్భిణిగా ఉన్న ఆ అమ్మాయి కళ్ల ముందే భర్తని నరికి చంపారు. చంపించింది కన్నతండ్రే అని పోలీసులు చెప్పారు. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన, "పరువు పోయాక తండ్రి ఇంకేం చేస్తాడు?" అని పెట్టారు. రోజూ పొద్దున్నే కృష్ణుడి ఫొటోతో శుభోదయం పెట్టేది కూడా ఆయనే. నేను చదివి ఊరుకున్నాను. పెద్దవాళ్లతో గొడవెందుకులే అనుకున్నా.

భాగవతంలో రుక్మి ఒక్కడే తప్పు చేశాడా? తండ్రి భీష్మకుడు చెడ్డవాడు కాదు. కొడుకు మీద ప్రేమతో వాడి మాట కాదనలేకపోయాడు, అంతే. ఆ మౌనం వల్లే శిశుపాలుడితో పెళ్లికి ఊరంతా తోరణాలు కట్టారు. ఆ రోజు నేనూ భీష్మకుడినే.

ఈమధ్య మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. (తన అనుమతితోనే రాస్తున్నా.) "అన్నయ్యా, ఒకబ్బాయిని ఇష్టపడ్డాను. ఇంట్లో చెప్పాలంటే భయంగా ఉంది. ఆ రోజు గ్రూపులో నువ్వు కూడా ఏం మాట్లాడలేదు కదా" అంది. నాకు నోట మాట రాలేదు.

రుక్మిణికి ఒక అగ్నిద్యోతనుడు దొరికాడు. ఆ బ్రాహ్మడు కత్తి పట్టలేదు, ఎవరినీ తిట్టలేదు. కబురు తీసుకుని ద్వారకకి నడిచాడు. నేను చెల్లితో వెళ్లి బాబాయి ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవచ్చు, బాధపడొచ్చు, వాదించొచ్చు. కానీ చెయ్యెత్తే హక్కు, గదిలో పెట్టి గడియ వేసే హక్కు ఏ తండ్రికీ, ఏ అన్నకీ లేదు. మేజర్లయిన ఇద్దరూ ఇష్టపడితే చాలు, కుటుంబం, కులం అనుమతి అక్కర్లేదని 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బెదిరింపులున్న జంటలకి పోలీసులు రక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది. ప్రమాదం అనిపిస్తే 112కి, మహిళల కోసం 181కి ఫోన్ చేయొచ్చు. మిర్యాలగూడ కేసులో 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. కానీ పోయిన ప్రాణం తిరిగి రాలేదు.

చివరగా ఒక్క మాట. కృష్ణుడు రుక్మిని చంపబోతే కాళ్ల మీద పడి ఆపింది ఎవరు? రుక్మిణే! వాడు ఆమె ఇష్టాన్ని తొక్కాలని చూశాడు, ఆమె వాడి ప్రాణం కాపాడింది. ఇంతకీ ఇంటి పరువు నిలబెట్టింది ఎవరు? కృష్ణుణ్ణి చంపకుండా కుండినపురంలో అడుగుపెట్టనని శపథం చేసిన రుక్మి, సొంత ఊరికే దూరమై భోజకటంలో ఉండిపోయాడు.

ఈసారి మీ గ్రూపులో అలాంటి మెసేజ్ వస్తే ఊరుకోకండి. మర్యాదగానే, "ఇది తప్పండీ" అని ఒక్క ముక్క పెట్టండి. ఆ గ్రూపులో మీ చెల్లెలు కూడా చదువుతూ ఉంటుంది.

జై శ్రీకృష్ణ!