రొయ్యలు లేకుండా

ఆఫీసు పని మీద శాంటా క్లారా వచ్చినప్పుడల్లా ఎల్ కమీనో రియల్ మీదున్న ఒక చేపల హోటల్‌కే వెళ్తాను. అడిగేదీ ఒకటే: చొప్పీనో, రొయ్యలు లేకుండా. శాన్ ఫ్రాన్సిస్కోలో స్థిరపడిన ఇటలీ జాలర్లు వలలో పడ్డవన్నీ టమాటా రసంలో వేసి కాచుకున్న పులుసు అది. అందులో రొయ్యలు వద్దనడం పులిహోరలో పోపు వద్దనడమే. ఎందుకని అడిగితే "ఐసు రొయ్యకి రుచుండదు" అంటాను. భీమవరం వాణ్ణి కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు.

రుచి సంగతి సాకేనని నాకు చాలాకాలంగా తెలుసు.

టైగర్ రొయ్యను వైట్ స్పాట్ తెగులు తుడిచిపెట్టాక నాన్న చెరువు ఎండగట్టేశాడు. 2009లో వనామి రకం రొయ్యకి అనుమతి వచ్చాక మళ్లీ నీళ్లు పెట్టాడు. నా ఇంజనీరింగ్ ఫీజు ఆ వనామిదే. కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలుతుంది; అందుకని పరీక్షలప్పుడు కూడా జనరేటర్ పక్కనే పడుకునేవాణ్ణి. రొయ్య చూస్తే కౌంటు, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో, చెప్పగలను. కౌంటు తెలిస్తే కిలో ధర, దాని వెనకే సీడు, మేత, కరెంటు బిల్లు. అంత లెక్క నడుస్తుంటే ముద్ద దిగదు.

మరి అదే పులుసులోని పీత ఎలా దిగుతోంది? ఇక్కడి డంజనెస్ పీతల వేట నవంబరు మధ్యలో మొదలవ్వాలి. వలస తిమింగలాలు పీతల బుట్టల తాళ్లలో చిక్కుకుంటున్నాయని కొన్నేళ్లుగా వారాల తరబడి వాయిదా వేస్తున్నారు. హాఫ్ మూన్ బే రేవులో పడవలు ఊరికే ఉంటాయి. ఇదంతా తెలిశాక కూడా నేను పీతను వదల్లేదు. కాబట్టి నాది జాలి కాదు. ఎవరి కష్టమైనా నా కంచంలోకి రావచ్చు, మా ఇంటిది మాత్రం రాకూడదు, అంతే. పైగా ఆ హోటల్లో నేను ధర అడగని మనిషిని. ఆ హోదా నాకు ఇష్టం.

ఈసారి రొయ్యలు వెయ్యమన్నాను. ఎక్కడివని అడిగితే వడ్డించే కుర్రాడు లోపలికెళ్లి కనుక్కొచ్చి ఇండియావన్నాడు. అమెరికాలో సూపర్ మార్కెట్ వాడు దేశం పేరు రాసి తీరాలి, ఇక్కడి హోటళ్లకి ఆ నియమం లేదు. వనామి పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరమే. మన చెరువుల్లో పెరిగి, ఐసులో పడుకుని, అదే సముద్రం ఒడ్డుకి తిరిగొచ్చింది.

నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న, గట్టు మీదున్నాడు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు కొనేవాళ్లు రేటు కోసేసిన సంగతి ఆయనింకా మర్చిపోలేదు.

"ఎంత కౌంటురా?"

"నలభై ఉంటుంది నాన్నా."

"ప్లేటు ఎంతకిస్తున్నారు?"

సగానికి తగ్గించి చెప్పాను.

"అంతా!" అన్నాడు.